ఆదేశాలతో రాసే గ్రాఫు: గ్నూప్లాట్ చరిత్ర – ఖిలా వరంగల్ వలయ ప్రణాళిక నిదర్శనంగా ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

పరిశోధన పత్రంలో గ్రాఫు అలంకారం కాదు, అదొక వాదం. ఆ వాదాన్ని పాఠకుడు పరీక్షించాలంటే బొమ్మ ఒక్కటే చాలదు. ఆ బొమ్మ ఏ అంకెల నుంచి, ఏయే నిర్ణయాల మీదుగా రూపొందిందో కూడా తెలియాలి. 1986లో వెలువడిన గ్నూప్లాట్ అనే ఉచిత ఆదేశపంక్తి సాఫ్ట్‌వేర్ గ్రాఫును గీత నుంచి రాతకు మార్చిన క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. దాని పూర్వరంగం, పుట్టుక, పంపిణీ షరతులు, ముద్రణ వ్యవస్థలతో దానికి ఏర్పడిన సంబంధం, తెలుగు లిపికి అందులో ఆలస్యంగా దక్కిన చోటు ఇందులోని ముఖ్యాంశాలు. ఖిలా వరంగల్ కోట వృత్తాకారాన్ని నిదర్శనంగా తీసుకొని, చరిత్ర పరిశోధకునికి ఈ పద్ధతి ఎందుకు అవసరమో నిరూపించడం వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: గ్నూప్లాట్, ఆదేశపంక్తి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, గ్రాఫు, లేటెక్, తెలుగు లిపి, ఖిలా వరంగల్, కాకతీయులు, దత్తాంశం.

1. ఉపోద్ఘాతం

ఖిలా వరంగల్ గురించిన రచనల్లో తరచుగా కనిపించే మాట ఒకటుంది: ఈ కోట వృత్తాకారంలో ఉంది. గణపతిదేవుని (1199–1262) కాలంలో మొదలై, రుద్రమదేవి (1262–1289) పాలనలో బలపడి, ప్రతాపరుద్రుని (1289–1323) నాటికి పూర్ణరూపం దాల్చిన నిర్మాణమిది. సుమారు 1.2 కిలోమీటర్ల వ్యాసంతో 45 బురుజుల రాతికోట, దాని చుట్టూ కందకం, ఆ వెలుపల సుమారు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టికోట ఉన్నాయి. నట్టనడుమ స్వయంభూ శివాలయ శిథిలాల చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు నిలిచి ఉన్నాయి. ఈ వలయ ప్రణాళికను విశ్వానికి ప్రతిరూపంగా వ్యాఖ్యానిస్తూ జార్జ్ మిచెల్ 1992లో ఒక వ్యాసం ప్రచురించారు. కాకతీయ రాజధాని నిర్మాణాన్ని గురించి ఆ తర్వాత జరిగిన చర్చకు అది ఒక ముఖ్యమైన ఆధారమైంది.

ఆ వ్యాఖ్యానం ఎంత గంభీరమైనదో, దాని అడుగున ఉన్న ప్రశ్న అంత సామాన్యమైనది. ఆ గోడ వృత్తానికి ఎంత దగ్గరగా ఉంది? పాఠకుని చేతికి అందేది పటం మాత్రమే. పటంలో కోట గుండ్రంగా కనిపించినప్పుడు, నేల మీద అది గుండ్రంగా ఉన్నందువల్ల అలా కనిపించిందా, గీసిన వ్యక్తి గుండ్రంగా గీసినందువల్ల కనిపించిందా అన్నది ఆ పటం చెప్పదు. కొలతలు, వాటిని బొమ్మగా మలచిన సూత్రాలు పటంతోపాటు అందితేనే ఆ తేడా తెలుస్తుంది.

శాసనాల విషయంలో చరిత్రకారులు ఈ జాగ్రత్తను ఎప్పటి నుంచో పాటిస్తున్నారు. శాసనసారం చెప్పి ఊరుకోరు. ఎస్టాంపేజీ తీస్తారు, పాఠాన్ని పంక్తుల వారీగా ఇస్తారు, చెరిగిన అక్షరాలను గుర్తిస్తారు, సందేహపాఠాన్ని సందేహంగానే చూపుతారు. గ్రాఫు విషయంలో మాత్రం ఫలితాన్నే ముద్రించి, పాఠాన్ని వదిలేయడం అలవాటుగా మారింది. గ్రాఫుకు కూడా ఒక పాఠం ఉండగలదని నిరూపించిన సాధనాల్లో దీర్ఘకాలం నిలిచినది గ్నూప్లాట్.

2. పూర్వరంగం: గీత నుంచి రాతకు

అంకెలను గీతలుగా చూపే పద్ధతికి ప్రసిద్ధమైన తొలి గ్రంథం విలియం ప్లేఫేర్ 1786లో లండన్‌లో వెలువరించిన వాణిజ్య, రాజకీయ అట్లాసు. దేశాల మధ్య ఎగుమతి దిగుమతులను కాలక్రమంలో రేఖలుగా, స్కాట్లాండు వ్యాపారాన్ని నిలువు పట్టీలకు బదులు అడ్డపట్టీలుగా ఆయన చూపారు. అప్పటి పటాలు రాగి ఫలకాల మీద చెక్కినవి. ఒక అంకె మారితే ఫలకాన్ని మళ్ళీ చెక్కవలసిందే.

తర్వాత దాదాపు రెండు శతాబ్దాలపాటు పరికరాలు మారాయి కాని స్వభావం మారలేదు. గ్రాఫు కాగితం మీద పెన్సిలుతో బిందువులు గుర్తించి, ట్రేసింగ్ పేపరు పరచి, ఇండియన్ ఇంకుతో వక్రరేఖను దిద్దడం భారతీయ విశ్వవిద్యాలయాల్లోనూ చాలాకాలం నడిచిన పద్ధతే. అందులో చేతి నైపుణ్యం ఉంది, కాని నిర్ణయాల నమోదు లేదు. బిందువుల మధ్య రేఖను ఎందుకు అలా వంచారో, విడిగా పడిన బిందువును ఎందుకు వదిలారో సిద్ధాంత గ్రంథంలో మిగిలేది కాదు.

మార్పుకు బీజం బెల్ ప్రయోగశాలల్లో పడింది. అక్కడ రూపొందిన యూనిక్స్ వ్యవస్థ 1979 నాటి ఏడవ కూర్పులో ‘గ్రాఫ్’, ‘ప్లాట్’ అనే చిన్న ప్రోగ్రాములు ఉండేవి. అంకెల జాబితాను ఒకవైపు నుంచి అందిస్తే మరొకవైపు గీతల ఆదేశాలు వెలువడేవి. ఒక ప్రోగ్రాము ఫలితాన్ని మరొక ప్రోగ్రాముకు ముడిసరకుగా అందించే యూనిక్స్ సంప్రదాయంలో అవి సహజంగా ఇమిడాయి. 1984లో జాన్ బెంట్లీ, బ్రయాన్ కెర్నిహాన్ అదే సంస్థలో ‘గ్రాప్’ అనే చిన్న భాషను రూపొందించారు. ట్రాఫ్ అనే ముద్రణ వ్యవస్థకు అనుబంధంగా పనిచేసే ఈ భాషలో గ్రాఫు వర్ణనను వ్యాసపాఠంలోనే వాక్యాల్లా రాయవచ్చు. బొమ్మను వేరుగా గీయించి పేజీలో అతికించే అవసరం తప్పింది. అయితే అది యూనిక్స్ ఉన్నచోటనే, ఆ అనుమతి ఉన్నవారికే అందుబాటులో ఉండేది.

3. గ్నూప్లాట్ ఆవిర్భావం

ప్లేఫేర్ అట్లాసు వచ్చిన సరిగ్గా 200 సంవత్సరాలకు, 1986లో, అమెరికాలోని విల్లనోవా విశ్వవిద్యాలయంలో ఇద్దరు విద్యార్థులు గ్నూప్లాట్‌ను రాశారు. థామస్ విలియమ్స్ అవకలన సమీకరణాలు, కాలిన్ కెల్లీ విద్యుదయస్కాంత శాస్త్రం చదువుతున్న రోజులవి. ఆ గణితాన్ని కంటితో చూడగలిగితే బోధపడుతుందని ఇద్దరికీ తోచింది. విద్యుత్ ఇంజనీరింగు ప్రయోగశాలలోని కంప్యూటర్ల నిర్వహణ వారి చేతిలో ఉండడంతో గ్రాఫిక్ టెర్మినళ్ళూ, వాటిని వాడుకొనే తీరికా లభించాయి. పెద్ద ప్రణాళికతో గాక పాఠం అర్థం చేసుకోవలసిన అవసరంతో పుట్టిన సాధనం కావడం దాని స్వభావాన్ని నిర్ణయించింది. ఒక ప్రమేయాన్ని రాసి ‘ప్లాట్’ అని ఆదేశిస్తే వెంటనే గీత కనిపించాలి. తొలి లక్ష్యం అంతే.

పేరు విషయంలో ఒక పొరపాటు విస్తృతంగా వ్యాపించింది. గ్నూప్లాట్‌కు రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టుతో పుట్టుక సంబంధం లేదు. విలియమ్స్ ‘లామాప్లాట్’ అన్నారు, కెల్లీ ‘ఎన్‌ప్లాట్’ అన్నారు. ఇద్దరూ ‘న్యూప్లాట్’ దగ్గర రాజీపడ్డారు. ఆ పేరుతో అప్పటికే ఒక ప్రోగ్రాము ఉందని తెలిశాక, ఆంగ్లంలో ‘న్యూ’ అనే పలుకుబడి గల మృగం పేరును వాడి శ్లేషగా కొత్తపేరు పెట్టారు. గ్నూ ప్రాజెక్టు సొంత గ్రాఫు సాధనం వేరు. రాబర్ట్ మేయర్ తీర్చిదిద్దిన ‘ప్లాట్‌యుటిల్స్’ అనే ఆ పొదిలో యూనిక్స్ పాత ‘గ్రాఫ్’ ప్రోగ్రాముకు వారసుడైన స్వేచ్ఛారూపం ఉంది. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం సాహిత్య చరిత్రలో ఒకే పేరుగల ఇద్దరు కవులను కలిపివేయడం వంటిది.

యూజ్‌నెట్ చర్చావేదికల ద్వారా మూలపాఠంతో సహా పంపిణీ అయిన ఈ ప్రోగ్రాముకు ప్రపంచం నలుమూలల నుంచి చేర్పులు వచ్చాయి. డేవిడ్ కోట్జ్ లేటెక్ పత్రాలకు సరిపడే నిర్గమాన్ని సమకూర్చారు. ఆస్ట్రేలియా నుంచి రస్సెల్ లాంగ్ పోస్ట్‌స్క్రిప్ట్ ముద్రణకు వీలు కల్పించారు. కార్స్టెన్ గ్రామెస్ రాసిన వక్రరేఖా సంధాన విభాగం ‘ఫిట్’ అనే ఆదేశంగా చేరింది. తర్వాతి దశాబ్దాల్లో స్ఫటికశాస్త్రవేత్త ఈథన్ మెరిట్ ప్రధాన నిర్వాహకుల్లో ఒకరయ్యారు. 2004లో 4.0, 2015లో 5.0, 2023 చివర 6.0 వెర్షన్లు వచ్చాయి. విద్యార్థుల చేతిలో పుట్టిన ప్రోగ్రాము దాదాపు నాలుగు దశాబ్దాలుగా పనిచేస్తూ ఉండడం సాఫ్ట్‌వేర్ చరిత్రలో అరుదైన సంగతి.

4. ‘ఉచితం’, ‘స్వేచ్ఛ’: షరతుల స్వరూపం

గ్నూప్లాట్‌కు వెల లేదు. అయితే వెల లేకపోవడం వేరు, స్వేచ్ఛ ఉండడం వేరు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం ఈ భేదాన్ని స్పష్టంగా నిర్వచించింది: వాడుకొనే, పరిశీలించే, మార్చే, పంచే హక్కులు వినియోగదారునికి ఉండాలి. గ్నూప్లాట్ రచయితలు గ్నూ సాధారణ అనుమతి పత్రాన్ని స్వీకరించలేదు. తమ సొంత షరతులు రాశారు. ప్రోగ్రామును ఎవరైనా వాడవచ్చు, పంచవచ్చు, మార్చవచ్చు. కాని మార్చిన మూలపాఠాన్ని మొత్తంగా కలిపి పంచకూడదు, అసలు పాఠాన్ని అలాగే ఉంచి సవరణలను వేరుగా జతచేయాలి. డెబియన్ వంటి కఠిన నియమాల పంపిణీ సైతం ఈ షరతును స్వేచ్ఛకు భంగంగా భావించక గ్నూప్లాట్‌ను తన ప్రధాన విభాగంలో చేర్చుకొంది.

పాఠపరిష్కరణ తెలిసినవారికి ఈ షరతు కొత్తగా తోచదు. మూలప్రతిని చెరపకుండా పాఠాంతరాలను అథోజ్ఞాపికల్లో చూపడం పరిష్కర్తల నియమం. ఏది మూలకర్తల రాత, ఏది తర్వాతివారి చేర్పు అన్నది ఎప్పటికీ విడివిడిగా కనిపించాలన్నదే రెండుచోట్లా ఉద్దేశం.

ఈ స్వేచ్ఛ ప్రాంతీయ విద్యాసంస్థలకు ఆర్థికంగా కూడా ముఖ్యమైనది. వరంగల్ ప్రాంతం ఇందుకు మంచి ఉదాహరణ. 1959 అక్టోబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల 2002లో జాతీయ సాంకేతిక సంస్థ అయింది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇంజనీరింగు, విజ్ఞాన, మానవీయ శాస్త్రాల పరిశోధనలు కోటకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే సాగుతున్న నగరమిది. ఏటా రుసుము చెల్లించవలసిన వాణిజ్య సాఫ్ట్‌వేర్‌తో గీసిన గ్రాఫును ఆ రుసుము ఆగిన మరుసటి ఏడాది తెరవలేని పరిస్థితి ఏర్పడవచ్చు. పరిశోధకుడు సంస్థను వదిలి చిన్న డిగ్రీ కళాశాలలో అధ్యాపకుడిగా చేరినా తన పాత గ్రాఫులను తిరిగి గీసుకొనే హక్కు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వల్ల నిలుస్తుంది. 2009 తర్వాత ఐఐటీ బొంబాయి కేంద్రంగా నడిచిన ‘ఫోసీ’ ప్రాజెక్టు ఇదే కారణంతో విద్యాసంస్థల్లో సైలాబ్, పైథాన్ వంటి స్వేచ్ఛా సాధనాలను ప్రోత్సహించింది. జాన్ ఈటన్ రూపొందించిన గ్నూ ఆక్టేవ్ అనే గణన వ్యవస్థ చాలా ఏళ్ళపాటు తన గ్రాఫుల కోసం తెరవెనుక గ్నూప్లాట్‌పైనే ఆధారపడింది. అందువల్ల గ్నూప్లాట్ పేరు తెలియకుండానే దానితో గ్రాఫులు గీసినవారు ఎందరో ఉన్నారు.

5. పనితీరు: ఆదేశపత్రం ఒక పాఠం

గ్నూప్లాట్‌లో రెండు ఫైళ్ళు ప్రధానం. మొదటిది దత్తాంశ ఫైలు. నిలువు వరుసలుగా రాసిన అంకెలు తప్ప అందులో మరే అలంకారమూ ఉండదు. రెండవది ఆదేశపత్రం. అక్షాల హద్దులు, శీర్షిక, కొలమానం, ఏ వరుసను ఏ వరుసకు ఎదురుగా గీయాలి అన్న సంగతులు ‘సెట్’, ‘ప్లాట్’ వంటి క్రియలతో పంక్తికొకటిగా అందులో ఉంటాయి. రెండూ సాదా పాఠమే. ఏ కంప్యూటరులోనైనా తెరిచి చదవవచ్చు, ముద్రించి అనుబంధంలో చేర్చవచ్చు.

చరిత్రకారునికి మిక్కిలి ఉపయోగపడే చిన్న సౌకర్యం ఒకటుంది. హ్యాష్ గుర్తుతో మొదలయ్యే పంక్తిని ప్రోగ్రాము పట్టించుకోదు. అది మనిషి మనిషి కోసం రాసుకొనే వ్యాఖ్య. ఫలానా శాసనంలో శకసంవత్సరం చెరిగింది కనుక లెక్కలో చేర్చలేదని ఆ పంక్తిలో రాస్తే, వదిలిన అంకె కూడా వదిలిన కారణంతో సహా దత్తాంశంలోనే మిగులుతుంది.

కాకతీయ యుగానికి ఇది ఊహాత్మకమైన అవసరం కాదు. సింథియా టాల్బట్ 2001లో వెలువరించిన గ్రంథంలో మధ్యయుగ ఆంధ్ర సమాజాన్ని శాసనాల సంఖ్యాత్మక విశ్లేషణతో పునర్నిర్మించారు. దాతలెవరు, ఏ బిరుదులు ధరించారు, ఏ ప్రాంతంలో ఏ కాలంలో దానాలు పెరిగాయి అన్న ప్రశ్నలకు లెక్కలతో సమాధానాలు వెతికారు. ఇటువంటి లెక్కను గ్రాఫుగా చూపేటప్పుడు ఒక నిర్ణయం తప్పదు. శాసనాలను పదేళ్ళకొక గుంపుగా లెక్కించాలా, పాతికేళ్ళకొక గుంపుగానా? గుంపు వెడల్పు మారితే శిఖరాలు జరుగుతాయి, కొన్ని మాయమవుతాయి. ముద్రిత గ్రాఫులో ఆ నిర్ణయం కనిపించినా దాన్ని మార్చి చూడడం పాఠకుని వల్ల కాదు. ఆదేశపత్రం చేతికి అందితే ఒక అంకె మార్చి, మరుక్షణంలో రెండో రూపాన్ని చూసి, వాదం నిలిచిందో లేదో తేల్చుకోవచ్చు.

మరొక విశేషం, ఒకే వర్ణన అనేక రూపాల్లో వెలువడడం. గ్నూప్లాట్ పరిభాషలో నిర్గమ రూపాన్ని ‘టెర్మినల్’ అంటారు. టెక్ట్రానిక్స్ వంటి గ్రాఫిక్ టెర్మినళ్ళు, కలంతో గీసే ప్లాటర్లు నడిచిన కాలం నాటి పేరది. ఆ యంత్రాలు పోయినా పేరు మిగిలింది. అక్షరాలు తప్ప బొమ్మలు చూపలేని తెర మీద నక్షత్ర గుర్తులతో వక్రరేఖను పేర్చే టెర్మినల్ కూడా ఇందులో ఉంది. సాంకేతిక పత్రాలకు మాత్రం లేటెక్‌తో దాని మైత్రి కీలకమైనది. గీతలను గ్నూప్లాట్ గీస్తుంది, అక్షరాలను లేటెక్‌కు వదిలేస్తుంది. ఫలితంగా గ్రాఫులోని సమీకరణం, వ్యాసంలోని సమీకరణం ఒకే అక్షరాకృతిలో కనిపిస్తాయి. తర్వాత వచ్చిన పీజీఎఫ్‌ప్లాట్స్ వంటి లేటెక్ పొదులు కూడా క్లిష్టమైన గణనకు గ్నూప్లాట్‌ను పిలిచే వీలు ఉంచుకొన్నాయి.

6. తెలుగు లిపికి దక్కిన చోటు

అక్షరాలను మరొక వ్యవస్థకు వదిలేయడమన్న ఈ పద్ధతి తెలుగుకు సంబంధించి పెద్ద ప్రశ్నను లేవనెత్తుతుంది. గ్రాఫు అక్షాల మీద ‘బురుజు సంఖ్య’ అని తెలుగులో రాయడం ఎప్పటి నుంచి సాధ్యమైంది?

తెలుగును ఆదేశపంక్తి ద్వారా ముద్రించే తొలి ప్రయత్నాలు ప్రవాసాంధ్రుల చేతుల్లో జరిగాయి. గ్నూప్లాట్ యూజ్‌నెట్‌లో వ్యాపిస్తున్న కాలానికి కొంచెం తర్వాత, 1990ల తొలి సంవత్సరాల్లో, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రోమన్ అక్షరాలతో టైపు చేసిన తెలుగును తెలుగు లిపిలోకి మార్చే ‘రిట్’ ప్రోగ్రామును రూపొందించారు. ఆ లిప్యంతరీకరణ పద్ధతి ‘ఆర్‌టీఎస్’ పేరుతో నేటికీ వాడుకలో ఉంది. ముక్కవిల్లి లక్ష్మణ్‌కుమార్, లక్ష్మి డొనాల్డ్ నూత్ టెక్ వ్యవస్థకు తెలుగు అక్షరాలను, సూత్రాలను సమకూర్చి ‘తెలుగుటెక్’ను ఉచితంగా అందించారు. సాదా పాఠం, దాని మీద ఒక ఆదేశం, చివరకు ముద్రణకు సిద్ధమైన పుట: గ్నూప్లాట్ గ్రాఫుకు చేసినదాన్ని ఈ ప్రయత్నాలు తెలుగు పుటకు చేశాయి.

1991లో వెలువడిన యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దొరికింది. కాని సంకేతం ఉండడం వేరు, సరిగా రూపుకట్టడం వేరు. తెలుగు అక్షరాలు రోమన్ అక్షరాల్లా ఒకదాని పక్కన ఒకటి నిలబడవు. గుణింతం హల్లు రూపాన్ని మారుస్తుంది, ఒత్తు కిందికి దిగుతుంది. ‘శాస్త్రం’ అనే మాటలో స, త, ర మూడు హల్లులూ ఒకే గుంపుగా అమరాలి. అక్షరానికొక ఆకృతి చొప్పున వరుసగా పేర్చే పాత పోస్ట్‌స్క్రిప్ట్ నిర్గమానికి ఈ అమరిక తెలియదు. 2007 నాటి 4.2 వెర్షన్‌లో కైరో, పాంగో అనే స్వేచ్ఛా గ్రంథాలయాల మీద ఆధారపడిన తెర నిర్గమం, ఆ తర్వాతి వెర్షన్లలో అదే పునాదిపై చిత్ర, పీడీఎఫ్ నిర్గమాలు వచ్చాక పరిస్థితి మారింది. లిపుల అమరికను పాంగో చూసుకొంటుంది కనుక తెలుగు శీర్షికలు ఒత్తులతో సహా సక్రమంగా వెలువడతాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించి ఉచితంగా ఇచ్చిన పోతన, వేమన ఫాంట్లు, ఆ తర్వాత వచ్చిన ఇతర స్వేచ్ఛా ఫాంట్లు ఈ మార్గాన్ని పూర్తిచేశాయి.

గ్నూప్లాట్‌లో తెలుగుకు చోటు దక్కడం కోసం ఎవరూ ప్రత్యేకంగా ‘తెలుగు గ్నూప్లాట్’ రాయలేదు. అన్ని లిపులకూ పనికివచ్చే స్వేచ్ఛా గ్రంథాలయం ఒకటి ఏర్పడగానే దానిపై ఆధారపడిన ప్రోగ్రాములన్నింటికీ తెలుగు వచ్చింది. ఉమ్మడి చెరువు నిండితే దాని కింది మడులన్నింటికీ నీరు పారినట్లు జరిగిన పరిణామమిది. అయినా తెలుగులో రాసిన సిద్ధాంత గ్రంథాల్లో సైతం గ్రాఫుల అక్షాలను ఆంగ్లంలోనే ఉంచే అలవాటు పోలేదు. ఒకప్పుడు సాంకేతిక అవరోధం వల్ల ఏర్పడిన అలవాటు అవరోధం తొలగినా కొనసాగుతోంది.

7. నిదర్శనం: కోట వృత్తమేనా?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. రాతికోట గోడ మీద బురుజుల స్థానాలను కొలిచిన పరిశోధకుడు ఆ కొలతలను గ్నూప్లాట్‌కు అందిస్తే ఏమేమి బయటపడతాయి?

1.2 కిలోమీటర్ల వ్యాసం గల వృత్తానికి పరిధి సుమారు 3.77 కిలోమీటర్లు. 45 బురుజులు సమదూరంలో ఉంటే కేంద్రం వద్ద ఒక్కొక్క దానికి 8 డిగ్రీల కోణం, పరిధి మీద సుమారు 84 మీటర్ల దూరం వస్తాయి. ఇది ఆదర్శరూపం. దీనితో పోల్చవలసినది వాస్తవం. ఆ పోలికకు ముందు మూడుచోట్ల జాగ్రత్త అవసరం. మూడూ బొమ్మలో కనిపించవు, ఆదేశపత్రంలో మాత్రమే కనిపిస్తాయి.

మొదటిది నిష్పత్తి. గ్నూప్లాట్ సాధారణంగా పేజీ వెడల్పు, ఎత్తులకు తగినట్లు రెండు అక్షాలనూ సాగదీస్తుంది. రెండు అక్షాలకూ ఒకే కొలమానం ఉండాలని ‘సైజ్ రేషియో’ పంక్తితో ఆదేశించకపోతే శుద్ధవృత్తం కూడా కోడిగుడ్డులా కనిపిస్తుంది. చేతితో సాగదీసి సరిచేసిన బొమ్మలో ఈ దోషం జాడ మిగలదు. ఆదేశపత్రంలో ఆ పంక్తి ఉందో లేదో ఎవరైనా చూడవచ్చు.

రెండవది దిక్కు. సర్వేలో దిక్కోణం ఉత్తరం నుంచి మొదలై గడియారపు ముల్లు దిశలో పెరుగుతుంది. గణితంలో కోణం తూర్పు నుంచి మొదలై దానికి వ్యతిరేక దిశలో పెరుగుతుంది. గ్నూప్లాట్ ధ్రువ నిరూపకాలు గణిత సంప్రదాయాన్ని అనుసరిస్తాయి, పైగా వేరే చెప్పకపోతే కోణాలను రేడియన్లలో చదువుతాయి. సర్వే అంకెలను మార్చకుండా డిగ్రీలని మాత్రమే చెప్పి గీస్తే ఉత్తర తోరణం కుడివైపుకు, తూర్పు తోరణం పైకి పోతాయి. కోట అద్దంలో చూసినట్లు తారుమారవుతుంది. నాలుగు వైపులా ఒకేతీరుగా ఉన్న నిర్మాణంలో ఈ తప్పు సులభంగా కంటపడదు.

మూడవది అన్నింటికన్నా సూక్ష్మమైనది. జీపీఎస్ పరికరం ఇచ్చే అక్షాంశ రేఖాంశాలను నేరుగా రెండు అక్షాల మీద గీయడం సులభం. కాని వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ ఒక డిగ్రీ రేఖాంశపు దూరం ఒక డిగ్రీ అక్షాంశపు దూరంలో సుమారు 95 శాతం మాత్రమే. ఈ సవరణ చేయకపోతే 1.2 కిలోమీటర్ల వ్యాసం గల శుద్ధవృత్తం తూర్పు పడమరలుగా సుమారు 1.26 కిలోమీటర్లకు సాగినట్లు కనిపిస్తుంది. 60 మీటర్ల ఈ తేడాకు కాకతీయ స్థపతులు బాధ్యులు కారు, గ్రాఫు గీసినవారే బాధ్యులు. దాన్ని గమనించని పరిశోధకుడు కోట దీర్ఘవృత్తమని సిద్ధాంతీకరించి, ఆ సాగుదలకు రాజకీయ, తాత్త్విక కారణాలు వెతికే ప్రమాదముంది. సవరణ చేయడానికి ఆదేశపత్రంలో ఒక్క గుణకారం చాలు.

ఈ మూడు సవరణల తర్వాత ‘ఫిట్’ ఆదేశం రంగంలోకి వస్తుంది. కనిష్ఠ వర్గాల పద్ధతిలో అది కొలిచిన బిందువులకు అత్యంత సమీపమైన వృత్తాన్ని వెతుకుతుంది. తెలియవలసినవి మూడే: కేంద్రం తూర్పుకు ఎంత జరిగి ఉంది, ఉత్తరానికి ఎంత జరిగి ఉంది, వ్యాసార్థం ఎంత. అవి దొరికాక ఒక్కొక్క బురుజు ఆ ఆదర్శవృత్తం నుంచి ఎంత లోపలికి లేదా వెలుపలికి ఉందో కోణం వారీగా మరొక గ్రాఫు గీయవచ్చు. అసలు సమాచారం ఆ రెండవ గ్రాఫులోనే ఉంటుంది. తేడాలు క్రమం లేకుండా సున్నాకు అటూ ఇటూ చెదిరి ఉంటే గోడ వృత్తమనే మాట నిలుస్తుంది. ఒక చుట్టులో రెండు ఉబ్బులు కనిపిస్తే అది దీర్ఘవృత్తం వైపు మొగ్గినట్లు. నాలుగు ఉబ్బులుంటే చతురస్రపు ఛాయ ఉన్నట్లు. ద్వారాల వద్ద మాత్రమే పెద్ద తేడాలుంటే నిర్మాతలు వృత్తాన్ని ఉద్దేశించి, రక్షణ అవసరాల కోసం అక్కడ దాన్ని సడలించారని భావించవచ్చు. దొరికిన కేంద్రం స్వయంభూ ఆలయ స్థానంతో కలుస్తుందా లేదా అన్నది విశ్వప్రతిరూప వాదానికి నేరుగా పరీక్ష అవుతుంది.

చేతి జీపీఎస్ పరికరం కొలతలో కొన్ని మీటర్ల దోషం సహజం. ఆ దోషాన్ని ప్రతి బిందువుకూ దోషరేఖగా చూపే ఏర్పాటు గ్నూప్లాట్‌లో ఉంది. దోషరేఖ కన్నా చిన్నదైన తేడా మీద ఏ సిద్ధాంతాన్నీ నిలబెట్టరాదు. శాసనంలో చెరిగిన అక్షరాన్ని ఊహించి చదివినప్పుడు దాన్ని కుండలీకరణాల్లో ఉంచే నిజాయితీయే ఇక్కడ దోషరేఖ రూపంలో కనిపిస్తుంది.

8. పరిమితులు

ఆదేశపంక్తి పద్ధతికి ఇబ్బందులు లేకపోలేదు. మెనూలకు అలవాటుపడినవారికి ఖాళీ తెర మీద ఆదేశాలు రాయడం మొదట బెరుకు పుట్టిస్తుంది. కామా ఒకటి తప్పితే ప్రోగ్రాము ఆగిపోతుంది. సహాయపాఠాలు ప్రధానంగా ఆంగ్లంలోనే ఉన్నాయి, ఆదేశాలూ ఆంగ్ల క్రియలే. సంక్లిష్ట గణాంక విశ్లేషణకు ఆర్, పైథాన్ వంటి భాషల్లోని సాధనాలు నేడు మరింత విస్తృతమైనవి. అవి కూడా స్వేచ్ఛా సాధనాలే కనుక ఈ వ్యాసంలోని వాదం వాటికీ వర్తిస్తుంది. అంతకంటే ముఖ్యంగా, ఆదేశపత్రం నిజాయితీకి సాక్ష్యం కాగలదు కాని హామీ కాదు. తప్పు కొలతల నుంచి గీసిన గ్రాఫు ఎంత పారదర్శకమైనదైనా తప్పే. పారదర్శకత వల్ల ఆ తప్పు దొరికే అవకాశం మాత్రం పెరుగుతుంది.

9. ముగింపు

ప్లేఫేర్ నాటి రాగి ఫలకం నుంచి గ్నూప్లాట్ ఆదేశపత్రం దాకా జరిగిన ప్రయాణంలో గ్రాఫుకు వేగం, అందం పెరిగాయి. వాటికన్నా విలువైన మార్పు గ్రాఫు ఒక పాఠం కావడం. పాఠం కనుక దాన్ని చదవవచ్చు, నకలు తీయవచ్చు, ఆక్షేపించవచ్చు, సవరించవచ్చు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కనుక ఈ పనులకు ఎవరి అనుమతీ, ఏ రుసుమూ అడ్డురావు. తెలుగు లిపి అందులో అమరింది కనుక తెలుగు పరిశోధకుడు తన భాషలోనే ఆ పాఠాన్ని సమర్పించవచ్చు.

ఈ దృష్ట్యా విశ్వవిద్యాలయాలు చేయదగిన పని ఒకటుంది. సిద్ధాంత గ్రంథంలోని ప్రతి గ్రాఫుకూ దత్తాంశ ఫైలును, ఆదేశపత్రాన్ని అనుబంధంగా కోరడం. శాసనాల మీద ఆధారపడిన సిద్ధాంత గ్రంథం శాసనపాఠాలను అనుబంధంలో ఇవ్వడం ఇప్పటికే ఉన్న సంప్రదాయం. దాన్ని గ్రాఫులకు విస్తరించడానికి అదనపు వ్యయం లేదు, రెండు మూడు పుటల చోటు చాలు. ఖిలా వరంగల్ గోడ వృత్తమా కాదా అన్న ప్రశ్నకు రేపటి పరిశోధకుడు ఏ సమాధానం చెప్పినా, ఆ సమాధానాన్ని ఎల్లుండి పరిశోధకుడు మళ్ళీ గీసి చూడగలగాలి.